సమ్మెట దెబ్బ

చీమకుర్తిలో రాయి అయిపోయిన క్వారీ ఒకటి.
దాని ఒడ్డున, వేస్టు బండల గుట్టకు ఎదురుగా
ఓనరు గారు పచ్చటి చాప పరిపించారు,
బకెట్టు నిండా బంతులు, నాకు నెల జీతం.
వాళ్లబ్బాయికి గోల్ఫ్ నేర్పాలి.
ఆ అబ్బాయి మూడో రోజు నుంచి రాలేదు.

బంతులు ఏరే కుర్రాడు మాత్రం వచ్చేవాడు.
దేరంగుల మాల్యాద్రి. పంతొమ్మిదేళ్లు.
"ఒక్కటి కొట్టి చూడనా సార్" అన్నాడు
ఒక సాయంత్రం, లారీల దుమ్ము కాస్త అణిగాక.

ముప్పయ్యేళ్లుగా నేను చెప్పే పాఠం ఇది:
ఎడమ మోచెయ్యి వంగకూడదు,
మడమ లేవకూడదు, తల కదలకూడదు,
పిడికిట్లో కోడిగుడ్డు ఉందనుకోవాలి.

వాడు ఒక్కటీ మిగల్చలేదు.
మోచెయ్యి కోడిరెక్కలా లేచింది.
మడమలు రెండూ నేలను వదిలాయి.
ముందు నడుము తిరిగింది, తరవాత భుజాలు,
చేతులు ఎప్పటికో.
నోట్లోంచి "హుఁ" అని ఒక్క ఊపిరి.
బంతి నాకు కనపడలేదు.
గుట్ట అవతల రేకు మీద పడ్డ చప్పుడు విన్నాను,
వాచ్‌మన్ తిట్లు విన్నాను.

చుట్టూ తిరిగి అడుగులతో కొలిచాం.
మూడువందల నలభై గజాలు.
మళ్లీ కొట్టమన్నాను.
మళ్లీ రేకే.

"ఎవర్రా నేర్పింది?"
"ఎవురూ నేర్పలా సార్.
మా నాయన సమ్మెట ఇట్నే ఎత్తేవోడు."

ఆ నాయన తిరపాలు.
క్వారీలోకి వైరుసా వచ్చిన ఏడు
ఆయన చేతిలోంచి సమ్మెట దిగింది.
వజ్రాల తీగ ఇప్పుడు బండను జున్నులా కోస్తుంది,
పక్కన నీళ్లు పోస్తే చాలు.
ఊరు వదిలేసిన దెబ్బ
కుర్రాడి నడుములో దాక్కుని ఉంది.

రాత్రి టీవీలో చూస్తాను,
పెద్ద ఆటగాళ్లూ ఇదే వరస.
ఒకడు బరువులెత్తి ఒంగోలు గిత్తలా తయారయ్యాడు.
ఒకడు కొట్టాక ఒంటికాలి మీద వెనక్కి పడబోతాడు.
మైదానాల వాళ్లు ఏటేటా
మొదటి చోటును వెనక్కి జరుపుకుంటున్నారు.
పాత ఇసక గుంటల మీదుగా బంతులు
పలకరించకుండా పోతున్నాయి.
నేను వంకలు పెట్టిన ప్రతి స్వింగూ
ఎవడో ఒకడికి కప్పు తెచ్చిపెట్టింది.

బెంగుళూరులో నాలుగు రోజుల పోటీ.
నెగ్గితే ప్రొఫెషనల్ కార్డు.
తొలిరోజు పక్కవాళ్లు తమ ఆట ఆపి వీణ్ణి చూశారు.
మూడోరోజు మూడడుగుల పుట్ మూడుసార్లు తప్పాడు.
రెండు స్ట్రోకుల్లో కార్డు పోయింది.
తిరుగు రైల్లో
పై బెర్తు ఎక్కలేకపోయాడు.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ
ఎక్స్‌రే కిటికీకి ఆనించి
కింది పూసల మధ్య వేలు పెట్టింది.
తిరపాలు ఒంగి చూశాడు.
చొక్కా ఎత్తి, తన వీపు మీద
సరిగ్గా ఆ చోటే తడుముకున్నాడు.
"ఇదేగా" అన్నాడు.
అది గర్వమో బాధో
నాకు ఇప్పటికీ తెలీదు.

ఆరు వారాలు పెద్ద కర్ర ముట్టలేదు.
ఫ్యాక్టరీ పారేసిన పాలిష్ పలక ఒకటి,
మూల విరిగింది, నల్లటి దాంట్లో బంగారు చుక్కలు,
షెడ్డులో పరిచి దాని మీద పుట్ ఆడించాను.
దాని మీద బంతి ఆగదు.
ఆగేలా కొట్టడానికి వాడికి నెల పట్టింది.

ఇవాళ డ్రైవరు తీశాడు.
తిరపాలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.
"రోజుకు పది పెద్ద దెబ్బలు సార్, అంతే కొట్టేవోళ్లం.
మిగిలిన పొద్దంతా చిన్న సుత్తితో తట్టి ఇనేవోళ్లం.
బండ గొంతు ఏడ మారితే ఆడ ఉలి."

మోచెయ్యి మళ్లీ రెక్కలా లేచింది.
నోరు తెరిచి, మూసుకున్నాను.
"హుఁ."
"ఒకటి" అన్నాడు తిరపాలు.

గుట్ట అవతల చప్పుడేమీ లేదు.
వాచ్‌మన్ తన రేకుల షెడ్డును
ఇంకో ముప్పై గజాలు వెనక్కి జరుపుకున్నాడట.